అయిదో బోరులో సీసం

మా మావయ్య గుడాకు మానేశానని చెప్పి ఆరేళ్ళయింది. నేను నమ్మలేదు.

బిలాస్‌పూర్‌లో పెరిగినవాళ్ళకు గుడాకు సంగతి చెప్పక్కర్లేదు. పొగాకూ బెల్లమూ కలిపి నూరిన నల్లటి ముద్ద అది. పొద్దున్నే వేలితో పళ్ళకు రుద్దుకుంటే గానీ కొందరికి తెల్లవారదు. మావయ్య సింహాచలంగారు రైల్వేలో బ్రిడ్జి పెయింటరుగా ముప్పై ఆరేళ్ళు చేశారు. అన్నేళ్ళూ గుడాకు రుద్దారు. నా కూతురు పుట్టినరోజున దాని తలమీద చెయ్యిపెట్టి మానేస్తున్నానని ఒట్టు వేశారు. ఒట్టు వేశారు గానీ చిగుళ్ళ మీద నల్లగీత మాత్రం పోలేదు. నవ్వినప్పుడల్లా అది కనిపించేది, నాకు ఒళ్ళు మండేది.

"మీ నాన్న దొంగచాటుగా రుద్దుతున్నారు" అని మా ఆయన శివాజీతో ఎన్నిసార్లు అన్నానో. శివాజీ గూడ్సు బండి లోకో పైలట్. డ్యూటీ దిగి వచ్చి కంచం ముందు కూర్చున్న మనిషికి ఈ పంచాయితీ రుచించేది కాదు. "మానీసినానని సెప్పినాడు గదా, ఒగ్గీయ్" అనేవాడు. ఒగ్గేసే రకాన్ని కాదు నేను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాననుకున్నాను. పట్టుకోవడమే నా ఉద్యోగం కూడా. రాళ్ళను చూసి వాటిలో ఏముందో చెప్పే జియాలజిస్టును.

మాది ఖనిజాలు వెతికే చిన్న కంపెనీ. ఆఫీసు హైదరాబాదులో, కొండ అడవిలో, రెంటికీ మధ్య బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో మా షెడ్. కొండ పేరు కర్రాడోంగ్రీ. బిలాస్‌పూర్ నుంచి జీపులో ఏడు గంటలు, ఆపైన వాగు దాటి ట్రాక్టరు మీద రెండు గంటలు. అక్కడ ఫోను పలకదు. కొండ నెత్తిమీద తుప్పు రంగు రాయి టోపీలా ఉంటుంది. అలాంటి కొండను చూస్తే మావాళ్ళకు నోరూరుతుంది. లోపల జింకు, సీసం, వెండి ఉన్న ఖనిజం ఉండి, దాని పైభాగం లక్షల ఏళ్ళ వానలకు కుళ్ళి అలా తుప్పయిందేమోనని ఆశ. తుప్పు చాలా కొండలకు ఉంటుంది. కింద ఖనిజం ఉండేది ఏ నూటికో ఒకదానికి.

ఉందో లేదో తెలియాలంటే బోరు వెయ్యాలి. నీళ్ళ బోరులా పిండి చెయ్యరు. లోపలి రాయిని గుండ్రటి కడ్డీలుగా కోసి పైకి తీస్తారు. దాన్నే కోర్ అంటాం. కోర్‌ను లోతు ప్రకారం పొడుగాటి ఇనప ట్రేలలో వరసగా పేర్చి లారీలో తిఫ్రాకు పంపుతారు. నేను షెడ్డులో కూర్చుని ఒక్కో మీటరూ చదువుతాను. గట్టి కోర్‌ను మెషీన్‌తో నిలువునా కోయించి సగం ల్యాబ్‌కు పంపుతాను. నుజ్జయిపోయి మట్టిలా వచ్చినదాన్ని ఇనప గరిటెతో ట్రే అడుగంటా గీకి సంచిలో వేస్తాను.

మొదటి నాలుగు బోర్లలో దొరికింది అంతంతమాత్రం. డోలమైట్ రాయిలో తేనె రంగు జింకు చారలు, వాటి పక్కనే కాస్త గలీనా. సీసమూ గంధకమూ కలిస్తే గలీనా. ఉక్కులా మెరుస్తుంది, చిన్న ముక్కకే చెయ్యి బరువెక్కుతుంది. వెండి విడిగా కంటికి కనిపించదు, గలీనాలో దాక్కుని ఉంటుంది. మా కొండలో నాలుగు బోర్లూ ఒకే మాట చెప్పాయి: నూటికి ఒక వంతు సీసం ఉంటే, టన్నుకు ఇరవై గ్రాముల వెండి. సీసం సగమైతే వెండీ సగం. రెండూ ఒక్క కడుపున పుట్టినట్టు నడిచాయి.

మావయ్యను షెడ్డుకు తెచ్చింది నేనే. రిటైరయ్యాక ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోడ్డు చూడటం తప్ప ఏమీ చేసేవారు కాదు. అన్నం సహించేది కాదు, కడుపులో నొప్పి అనేవారు. చేతులు వణికేవి. టీ గ్లాసు సగమే పొయ్యమనేవారు. వయసు మీద పడిందనుకున్నాం. షెడ్డు చూసుకోవడానికి మనిషి కావలసి వచ్చినప్పుడు కంపెనీతో మాట్లాడి ఆయన్ని పెట్టించాను. నెల తిరగకుండా మనిషి మారిపోయారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఎనిమిదింటికల్లా తాళం తీసి, ఏ ట్రే ఏ బోరుదో ఏ వరసలో ఉందో నోటికి చెప్పేవారు. ఇంట్లో ఎంత పోట్లాడినా షెడ్డులో మాత్రం ఆయన పని చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

అయిదో బోరు మొదలయ్యేసరికి కొత్త ట్రేలు అందలేదు. ఇంకో క్యాంపు మూసేస్తే అక్కడి పాత ట్రేలు యాభై పంపారు. నిండా తుప్పు. మావయ్య వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఓ వారం ఒగ్గీయమ్మా" అన్నారు. వారం రోజులు గీకి, రుద్ది, రంగు వేశారు. నేను కొండ దగ్గరి క్యాంపు నుంచి తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు యాభై ట్రేలు వెండి పళ్ళేల్లా ఎండలో తళతళలాడుతున్నాయి. కొత్తవి కూడా అంత బాగుండవు. "భలే చేశారు మావయ్యా" అన్నాను. ఆయన నవ్వారు. చిగుళ్ళ మీద గీత కనిపించింది. ఆ రోజుకు చూడనట్టు ఊరుకున్నాను.

ఆ ట్రేలు కొండెక్కాయి, అయిదో బోరు కోర్‌తో దిగివచ్చాయి. ఇరవై రెండో మీటరు నుంచి ఇరవై ఎనిమిది దాకా రాయి లేదు, ఎర్రగా తుప్పుపట్టిన నుజ్జు. గరిటెతో గీకి ఆరు సంచులు కట్టాను. కంటికి కనిపించే ఖనిజం ఏమీ లేదు.

ల్యాబ్ రిపోర్టు శనివారం వచ్చింది. ఆ ఆరు మీటర్లలో సీసం నూటికి అర వంతు.

అర అంటే నవ్వకండి. తుప్పుపట్టిన నేలలో జింకు వానకు కరిగి కొట్టుకుపోతుంది, సీసం మొండిది, ఉన్నచోటే ఉంటుంది. పైన ఆరు మీటర్ల నిండా సీసం మిగిలి ఉందంటే, కింద కుళ్ళని భాగంలో అసలు ఖనిజం ఉండవచ్చు. మా చీఫ్ రవిచంద్రగారు హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. గొంతులో పెళ్ళి సందడి.

"సౌభాగ్యగారూ, బోర్డు మీటింగు మంగళవారం. మీ రిపోర్టు సోమవారానికి కావాలి. ఇది చూపిస్తే ఇంకో ఆరు బోర్లు ఖాయం. ఇది లేకపోతే కొండ మూసేస్తారు, మీ షెడ్డు కూడా."

షెడ్డు మూస్తే మావయ్య మళ్ళీ ఆ ప్లాస్టిక్ కుర్చీలోకి. నాకు ముందు గుర్తొచ్చింది అదే. నా ఉద్యోగం ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. ఆయనకు ఇంకో షెడ్డు దొరకదు.

సంతోషంగానే రిపోర్టు మొదలుపెట్టాను. సీసం వరస నింపాను. జింకు వరస నింపాను. వెండి వరస దగ్గర చెయ్యి ఆగింది. ఆరింటికి ఆరూ, టన్నుకు ఒక గ్రాము కన్నా తక్కువ. మా లెక్కన పది గ్రాములు ఉండాలి. వెండి కూడా కరిగిపోయి ఉండొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ రెండో బోరులోనూ ఇలాంటి తుప్పు నేలే ఉంది. అక్కడ సీసంతో పాటు వెండీ నిలిచింది. నాలుగు బోర్లలో చెయ్యి వదలని జంట ఇక్కడ ఎందుకు విడిపోయింది? వెండి లేని సీసం మా కొండది కాదు. మరి ఎక్కడిది?

ఆదివారం పొద్దున్నే తిఫ్రా వెళ్ళాను. మావయ్య అప్పటికే వచ్చి తాళం తీశారు. సెలవని చెబితే వినే మనిషి కాదు. ఇరవై రెండో మీటరు ట్రే కిందికి దింపించాను. నుజ్జు అంతా సంచుల్లోకి పోయింది కాబట్టి ట్రే దాదాపు ఖాళీ. లోపల నా గరిటె గీసిన చారలు. ఆ చారల్లో, పేరుకే సిల్వర్ అయిన అల్యూమినియం రంగు కింద, ఎర్రగా ఏదో కనిపించింది. తుప్పనుకున్నాను. గోటితో గీకి చూశాను. తుప్పు కాదు, నారింజ రంగు.

"ఈ ట్రేలకి ఏ రంగు వేశారు మావయ్యా?"

"సిల్వరే గదమ్మా. కనబడతంది గదా."

"దాని కింద?"

ఆయన ముఖం వెలిగింది. పైరంగును అందరూ మెచ్చుకుంటారు, కింది రంగును అడిగేవాళ్ళు పెయింటరుకు దొరకరు.

"కింద రెడ్ లెడ్, రెండు కోట్లు పూసినాను. అది ఎయ్యకుండా ఇనుము మీద సిల్వర్ ఏస్తే, తడిగోడకి సున్నం ఏసినట్టే. ఇప్పుడు డబ్బాల్లో వచ్చీది రెడ్ ఆక్సైడు, ఉత్త ఎర్రమట్టి. నాను వ్యాపార్ విహార్ బజారుకెల్లి, పాత సేటు దగ్గర అసలు పొడి అడిగి తెచ్చి, అవిసి నూనెలో సొంతంగా కలిపినాను. ఆంజనేయస్వామికి పూసీ సిందూరం, ఇదీ ఒకటే తల్లీ. గతౌరా దగ్గర బ్రిడ్జికి ఏసినాను సూడు, ఇరవై ఏళ్ళయినా పొర లేవనేదు."

రెడ్ లెడ్. సీసపు సిందూరం. సీసం కోసం తవ్విన రాయిని మేం సీసంలో పెట్టి తెచ్చుకున్నాం. గట్టి కోర్‌కు ఏమీ కాలేదు. నుజ్జు ఉన్నచోట మాత్రం నా గరిటె అడుగంటా గీకి, ఆ పొరను కూడా సంచిలో వేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది, మేం మా ఇంటి ఎలుకనే కొండలో వదిలి పట్టుకున్నాం.

 ఆయన నా ముఖం చూశారు.

"ఏటమ్మా, నా వల్ల ఏటైనా తప్పయిందేటి?"

లేదని చెబుదామనుకున్నాను. కానీ కళ్ళలోకి చూసి అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. అంతా చెప్పాను. ఆయన నిలబడే విన్నారు. చివరకు ఒక్క మాట అడిగారు.

"అయితే కొండలో సీసం నేదా?"

"ఆ ఆరు మీటర్లలో లేనట్టే మావయ్యా."

"అచ్ఛా" అన్నారు మెల్లగా. వంగి ఆ ట్రేను రెండు చేతులతో పట్టుకున్నారు. చేతులు వణుకుతున్నాయి. బోర్లా తిప్పారు. అడుగున నల్లరంగుతో, ఒక్క అక్షరం వంకర పోకుండా రాసి ఉంది:

రెడ్ లెడ్ 2 కోట్లు. సిల్వర్ 1 కోటు. తా. 11-9. ఎస్. సింహాచలం, పెయింటర్.

"బ్రిడ్జికి రంగేసినాక గడ్డరు మీద ఇలాగ రాయాల. ఏం ఏసినాం, ఎన్ని కోట్లు, ఏ రోజున, ఎవులు. రేపొద్దున్న పొర లేస్తే ఎవులిని అడగాలో తెలవాల గదా. యాభై ట్రేలకీ రాసినాను. నాను దాసింది ఏటీ నేదమ్మా. అబద్ధం ఆడనేదు."

వంద కోట్ల ఏళ్ళనాటి రాయిని గీత గీతా చదివానని గర్వం నాకు. దాన్ని మోసిన ట్రేను ఒక్కసారి తిప్పి చూడలేదు. చూసి ఉంటే ఒక్క బోరు ట్రేలు మార్చుకునేవాళ్ళం, అంతే. ఇది ఆయన తప్పు ఎలా అవుతుంది? రంగు వెయ్యనిచ్చిందీ, బాగుందన్నదీ, ఏ రంగో అడగనిదీ నేను.

"రిపోర్టులో ఏటి రాస్తావు?" అని అడిగారు.

"నమూనాల్లోకి బయటి సీసం చేరిందని రాస్తాను. మీ పేరు రాయను లెండి."

ఆయనకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళ కాపురంలో నేను చూసిన మొదటి కోపం.

"పేరు నేకపోతే అది రికార్డేటి? రాయి. పెయింటరు సింహాచలం ఏసినాడని రాయి. సిగ్గుపడే పని నాను సెయ్యనేదు. తెలవక సేసినాను. తెలవక సేసిందీ రికార్డులో ఉండాల, మరోడు సెయ్యకుండా."

అక్కడి నుంచే రవిచంద్రగారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "వెండి వరస అంత శ్రద్ధగా బోర్డులో ఎవరు చూస్తారండీ? మంగళవారం దాటనిచ్చి, మళ్ళీ పరీక్ష చేయించి, అప్పుడు చెబుదాం" అన్నారు. చెడ్డవారు కాదు. క్యాంపులో పదిహేడుమంది పనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించే ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. నాకూ ఒక్క క్షణం ఆ మాట తియ్యగా వినిపించింది. ఎదురుగా మావయ్య బోర్లించిన ట్రే పక్కన నిలబడి ఉన్నారు, వింటున్నారు.

"లేదండీ. రేపే పంపుతాను. రంగు వేసినవారి పేరుతో, చూసుకోకుండా గీకిన నా పేరుతో" అన్నాను.

ఫోన్ పెట్టేసి ఖాళీ ట్రే ఒకటి తీసుకుని రంగు పొర గీకి పొట్లం కట్టాను. నుజ్జులో మిగిలిన గులకరాళ్ళను ఏరి కడిగి ఇంకో సంచి కట్టాను. రెండూ ల్యాబ్‌కు పోతే నిజం తేలుతుంది. మావయ్య పక్కన కూర్చుని దారం అందిస్తున్నారు. ముడి వెయ్యబోతే దారం వేళ్ళలో నిలవడం లేదు.

"రెడ్ లెడ్ కలిపేటప్పుడు చేతులకి ఏమీ వేసుకోరా మావయ్యా?"

"గ్లవ్స్ ఇచ్చీవోరు సర్వీసులో. అవేసుకుంటే ముద్ద తెలవదమ్మా. నూనె సరిపోయిందో నేదో ఏలికే తెలస్తాది." కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి చూపించారు.

ఆ వేలితోనే ఆయన గుడాకు రుద్దుకునేది.

అబద్ధం ఆడలేదని ఇందాక ఆయన అన్న మాట అప్పుడు మళ్ళీ చెవిలో పడింది.  "మావయ్యా, ఒక్కసారి వెలుతురులోకి వచ్చి నోరు తెరవండి" అన్నాను.

ఆయన చిన్నబోయారు. "మళ్ళీ గుడాకేనా తల్లీ? మానీసినానని సెప్పినాను గదా. పాప మీద ఒట్టేసినాను."

"గుడాకు కాదు. తెరవండి."

తలుపు దగ్గర ఎండలో నిలబెట్టి, రాళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని మా మావయ్య నోట్లోకి చూశాను. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గుడాకు మరకైతే పంటి మీద ఉండాలి. ఇది పంటి మీద లేదు. చిగుళ్ళ అంచు లోపల, సన్నటి చుక్కలు చుక్కలుగా పేర్చినట్టు, నీలం కలిసిన నలుపు గీత. కాలేజీలో ఖనిజాల విషాల గురించి చెబుతూ ఒక మేష్టారు ఈ గీత బొమ్మ గీశారు. ఒంట్లోకి చేరిన సీసం నోటిలోని గంధకంతో చిగుళ్ళ దగ్గర కలుస్తుంది. సీసమూ గంధకమూ కలిస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గలీనా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తొమ్మిది గంటల దూరం పోయి నేను వెతుకుతున్నది ఆరేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. కడుపునొప్పి, సహించని అన్నం, వణికే చేతులు, అన్నీ అదే. అది చాలదన్నట్టు, ట్రేలు అందలేదని చెప్పి నేనే ఆయన చేత మళ్ళీ వారం రోజులు ఆ విషం కలిపించాను. భూతద్దం తడిసిపోయి ఏమీ కనిపించలేదు.

"ఏటమ్మా, ఏటి కనబడింది?" అన్నారు ఆయన నోరు తెరిచే.

మర్నాడు రిపోర్టు పంపి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పాపకూ శివాజీకీ నాకూ కూడా రక్తపరీక్ష చేయించాను. మాకేమీ లేదన్నారు. మావయ్య రక్తంలో మాత్రం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు సీసం. ఎముకల్లో కూడా చేరి ఉంటుందనీ, మందులు వాడితే మెల్లగా తగ్గించవచ్చనీ, ఇక ఆ రంగు ముట్టకూడదనీ డాక్టరు చెప్పారు. ల్యాబ్ నుంచి కడిగిన గులకరాళ్ళ ఫలితం కూడా అదే వారం వచ్చింది. సీసం లేదు. కొండ మూసేశారు. షెడ్డు మార్చి నెలాఖరుదాకా ఉంటుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితం ఆయనకు చదివి వినిపించాను. వరండాలో ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుని విన్నారు.

"సీసం ఉన్న సోట ఎండి ఉంటాదని నువ్వే అన్నావు గదా. ఎండి ఎంతొచ్చింది?" అని నవ్వారు. గీత కనిపించింది.

నాకు నవ్వు రాలేదు. ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను. "ఆరేళ్ళు మిమ్మల్ని దొంగను చూసినట్టు చూశాను మావయ్యా. ఒక్కసారీ నమ్మలేదు. తప్పు నాది, క్షమించండి" అన్నాను. మా ఇంట్లో కోడలు మామగారితో అలా మాట్లాడటం అలవాటు లేదు. ఆయన ఎటు చూడాలో తెలియక రోడ్డు వైపు చూశారు.

"ఊరుకో తల్లీ. అదేటీ రికార్డుకి ఎక్కించకు" అన్నారు.

ఎక్కించాను, ఇదిగో ఇదే. ఏం జరిగిందో, ఏ రోజున జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో ఉండాలని ఆయనే అన్నారు కదా. కింద నా పేరు: సౌభాగ్య.